అమ్మడం వచ్చినవాళ్లు అమ్మించడం ఎలా నేర్చుకోవాలి

నిన్నటిదాకా మీ టార్గెట్ మీరు చూసుకున్నారు. బాగా అమ్మారు కాబట్టి ఇప్పుడు అయిదారుగురిని మీ చేతికిచ్చి, టీం అమ్మకాల నెంబర్‌కి మీదే బాధ్యత అన్నారు. అభినందనలు చెప్పినవాళ్లలో ఎవరూ మీ పనే మారిపోయిందని చెప్పి ఉండరు. అమ్మడం ఒక పని, అమ్మించడం పూర్తిగా వేరే పని. మొదటిదానికి మీ మాట, మీ చొరవ, మీ ఓపిక సరిపోయాయి. రెండోదానిలో, మీరు లేనిచోట, మీకు వినబడని సంభాషణలో మీ టీం మనిషి ఏం అడిగాడు, ఏం ఒప్పుకుని వచ్చాడు అన్నదే మీ పనితనానికి కొలత.

నేను మేనేజర్‌నైన మొదటి మూడు నెలలూ ఈ తేడా తెలియకుండానే గడిపాను. ఎవరి డీల్ తడబడుతున్నా నేనే వెళ్లి కూర్చుని ముగించేవాణ్ని. ఆ క్వార్టర్ నెంబర్ వచ్చింది. తర్వాతి క్వార్టర్‌లో పది రోజులు వేరే పనిలో ఉండాల్సొస్తే ఒక్క డీల్ కూడా కదల్లేదు. కస్టమర్లు నేరుగా నాకే ఫోన్ చేస్తున్నారు, టీం వాళ్లు నేనెప్పుడు వస్తానా అని చూస్తున్నారు. వాళ్లకు ఆ అలవాటు నేర్పింది నేనే. ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది ఈ పనికి ఒక వరుస ఏర్పడడానికి. అదే ఇక్కడ చెబుతున్నాను. వరుస ముఖ్యం. మొదటి అడుగు వేయకుండా మూడోదానికి వెళితే ఫలితం ఉండదు.

ముందుగా, ఎవరి దగ్గరికి వెళ్లకూడదో రాసుకోండి

గత రెండేళ్ల ఆర్డర్ల జాబితా తెప్పించుకోండి. ప్రతి ఆర్డర్ పక్కనా అయిదు విషయాలు రాయండి. మొదటి కాల్ నుంచి సంతకం దాకా ఎన్ని రోజులు పట్టింది? ఖర్చులు పోను ఎంత మిగిలింది? డబ్బు చెప్పిన తేదీకి వచ్చిందా? వాళ్లు మళ్లీ కొన్నారా? అమ్మిన తర్వాత సర్వీస్ వాళ్లను ఎన్నిసార్లు పరుగులు పెట్టించారు? ఆర్డర్ మొత్తం విలువ ఎంతన్నది మాత్రం ఈ కాగితం మీద వేయకండి. పెద్ద అంకె పక్కనుంటే మిగతా అయిదూ కంటికి ఆనవు.

ఇప్పుడు ఈ అయిదిటినీ బట్టి మంచివాళ్లు పైన వచ్చేలా వరుస పెట్టి, పైనుంచి ఇరవై మందిని, కిందనుంచి ఇరవై మందిని విడదీయండి. పైవాళ్లందరికీ ఉమ్మడిగా ఏముందో వెతకండి. చాలామంది ఇక్కడ కంపెనీ సైజు, రంగం రాసి ఆగిపోతారు. అంతకంటే ఎక్కువ పనికొచ్చేది సందర్భం. కొనే ముందు వాళ్ల దగ్గర ఏం జరిగింది? కొత్త యూనిట్ తెరిచారా, పాత యంత్రం వారంటీ అయిపోయిందా, కొత్త ప్లాంట్ హెడ్ వచ్చాడా, ఆడిట్‌లో లోపం బయటపడిందా? రోజులు సాఫీగా గడుస్తున్నంతకాలం ఏ సంస్థా ఏదీ మార్చుకోవాలనుకోదు. ఏదో ఒకటి కదిలినప్పుడే కొనాలన్న ఆలోచన పుడుతుంది. మీ మంచి కస్టమర్ల దగ్గర ఏం కదిలిందో తెలిస్తే, మీ టీం ఎవరి తలుపు ముందు తట్టాలన్నది దానంతటదే తేలుతుంది.

కిందివాళ్ల జాబితాతో ఇంకా ఎక్కువసేపు కూర్చోండి. దాన్నుంచి ఒకే ఒక్క పేజీ తయారుచేసి పైన 'మనం వెళ్లం' అని రాయండి. 'చిన్న కంపెనీలు వద్దు' లాంటి గాలిమాటలు పెట్టకండి. 'కొనుగోలు నిర్ణయం చేసే మనిషిని రెండో విజిట్ కల్లా కలవనివ్వని సంస్థలు', 'మొదటి కాల్‌లో ధర తప్ప ఇంకేమీ అడగనివాళ్లు', 'మన సర్వీస్ ఇంజనీర్ ఒక్కరోజులో చేరలేని సైట్లు' అని తేల్చి రాయండి. ఆ పేజీని మీ పైవాళ్లకు చూపించి ఒప్పించుకోండి. నెలాఖరు ఒత్తిడిలో 'ఎవరైనా పర్లేదు, ఆర్డర్ తెండి' అనేది వాళ్లే కాబట్టి, ఆ ఒప్పుకోలు ఇప్పుడే కాగితం మీద ఉండాలి.

1956లో వెండెల్ స్మిత్ రాసిన ఒక వ్యాసంతో మార్కెట్ సెగ్మెంటేషన్ అన్న మాట మార్కెటింగ్‌లో స్థిరపడింది. మార్కెట్ అంతా ఒకే ముద్ద కాదని, అవసరాలు కలిసే గుంపులుగా దాన్ని విడదీసి, ఏ గుంపుకు తగ్గ సరుకు ఆ గుంపుకు ఇవ్వాలని దాని సారం. ఆ మాట ఇప్పుడు ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ ఉంటుంది. గుంపులు గీయడం ఎవరైనా చేస్తారు. గీశాక వాటిలో కొన్నిటిని వదిలేయడానికే మనసొప్పదు. మార్కెటింగ్ వ్యూహం అంటే నా దృష్టిలో ఆ వదిలేయడమే.

ఇంకొక్క మాట. 1960లో జెరోమ్ మెకార్తీ మార్కెటింగ్‌ను ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అని నాలుగు 'పి'లుగా విడదీశాడు. మనిషి ఎదురుగా కూర్చుని అమ్మడం అన్నది అందులో నాలుగోదానిలో ఒక ముక్క, ప్రకటనలూ ఆఫర్లూ దాని పక్కనే ఉంటాయి. సరుకులో లోపముంటే, ధర కుదరకపోతే, అందాల్సిన చోటికి సరుకు అందకపోతే, ఆ ఒక్క ముక్కతో మీ టీం నెట్టుకురాలేదు. నెలనెలా టార్గెట్ తప్పుతుంటే మనుషుల్ని మార్చే ముందు మిగతా మూడిటినీ అనుమానించండి. మార్కెటింగ్ వాళ్లతో నెలకోసారి కూర్చుని, ఫీల్డ్‌లో విన్నది విన్నట్టుగా చెప్పండి. 'ధర ఎక్కువంటున్నారు' అంటే వాళ్లకు ఏమీ తెలియదు. ఎవరన్నారు, దేనితో పోల్చి అన్నారు, ఏ మాట వాడారు అన్నది చెబితే పనికొస్తుంది.

తర్వాత, లెక్కను చివర నుంచి వేయండి

టార్గెట్ కాగితం అందగానే దాన్ని టీం సంఖ్యతో భాగించి పంచేయడం అందరూ చేసే పని. అలా చేస్తే ఎవరేం చేయాలో ఎవరికీ తెలియదు, ఎంత తేవాలో మాత్రమే తెలుస్తుంది. అంకెను పనిగా మార్చండి.

ఉదాహరణకు క్వార్టర్‌కి 12 ఆర్డర్లు కావాలనుకుందాం. మీ పాత రికార్డు ప్రకారం నాలుగు ప్రపోజల్స్ ఇస్తే ఒకటి ఆర్డరవుతోంది, అంటే 48 ప్రపోజల్స్ కావాలి. రెండు సరైన మీటింగుల్లో ఒకటి ప్రపోజల్ దాకా వెళుతోంది, అంటే 96 మీటింగులు. టీంలో ముగ్గురుంటే తలా 32. క్వార్టర్‌కి 13 వారాలు కాబట్టి మనిషికి వారానికి రెండున్నర. '12 ఆర్డర్లు' అన్న మాట విని భయపడే కుర్రాడు, 'ఈ వారం మూడు మంచి మీటింగులు' అంటే లేచి ఫోన్ అందుకుంటాడు. ఆర్డర్ అతని చేతిలో లేదు, ఫోన్ ఉంది.

ఎంతమంది మనుషులు కావాలన్న ప్రశ్నకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. పని భారం పద్ధతి అంటారు, 1961లో వాల్టర్ టాలీ ప్రతిపాదించాడు. కస్టమర్లను తరగతులుగా విడదీసి, ఏ తరగతిని ఏడాదికి ఎన్నిసార్లు కలవాలో నిర్ణయించి, మొత్తం విజిట్లను ఒక మనిషి చేయగలిగిన విజిట్లతో భాగించడమే. పెద్ద కస్టమర్లు 60 మంది, నెలకు రెండుసార్లు కలవాలి, అంటే ఏడాదికి 1,440 విజిట్లు. మధ్యరకం 200 మంది, రెండు నెలలకోసారి, అంటే 1,200. చిన్నవాళ్లను ఫోన్ మీద చూసుకుంటారు. మొత్తం 2,640. ఒక మనిషి ఏడాదిలో 220 రోజులు ఫీల్డ్‌లో ఉండి రోజుకు మూడు విజిట్లు చేస్తే 660. అంటే నలుగురు కావాలి. మీ దగ్గర ముగ్గురే ఉంటే, నాలుగో మనిషిని అడగాలి, లేదా 'మనం వెళ్లం' పేజీని పెంచాలి. మూడో దారి లేదు. ముగ్గురితో నలుగురి పని చేయిస్తానని ఒప్పుకుంటే ఆ విజిట్లు రిపోర్టుల్లోనే జరుగుతాయి.

పైప్‌లైన్ అంటే చేతిలో ఉండి ఇంకా ముగియని డీల్స్ అన్నీ. దాని వేగానికి ఒక చిన్న సూత్రం దగ్గర పెట్టుకోండి. చేతిలో ఉన్న అవకాశాల సంఖ్యను సగటు డీల్ విలువతో, గెలుపు శాతంతో గుణించి, ఒక డీల్ ముగియడానికి పట్టే రోజులతో భాగిస్తే, రోజుకు ఎంత అమ్మకం వస్తోందో తెలుస్తుంది. మొదటి మూడూ పది శాతం చొప్పున పెరిగి, రోజులు పది శాతం తగ్గితే ఫలితం దాదాపు 48 శాతం పెరుగుతుంది. చాలామంది మేనేజర్లు మొదటిదాన్నే, అంటే అవకాశాల సంఖ్యనే పట్టుకుని పీకుతారు. మిగతా మూడిట్లో ఏది మీ దగ్గర బలహీనంగా ఉందో చూడండి.

ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం జరగాలి

ఇది అన్నిటికంటే పెద్ద విషయం. ఆగి చెబుతాను.

1884లో జాన్ పాటర్సన్ అమెరికాలో డేటన్ నగరంలోని క్యాష్ రిజిస్టర్ల కంపెనీని కొని నేషనల్ క్యాష్ రిజిస్టర్ అని పేరు పెట్టాడు. తన దగ్గర బాగా అమ్ముతున్న జోసెఫ్ క్రేన్ కస్టమర్ల ముందు ఏం మాట్లాడతాడో రాయించి, 1887లో దాన్ని అచ్చువేసి సేల్స్ మనుషులందరి చేతా కంఠస్థం చేయించాడు. ఒక్కొక్కరికీ ఒక ఏరియా, ఒక కోటా కేటాయించే పద్ధతి కూడా ఆ కంపెనీలో బలంగా అమలైంది. తర్వాత ఐబీఎంను నిలబెట్టిన థామస్ వాట్సన్ అమ్మకం నేర్చుకున్నది అక్కడే. అమ్మకం పుట్టుకతో వచ్చే విద్య కాదు, నేర్పితే వస్తుంది అని పాటర్సన్ నిరూపించాడు. ఆ నమ్మకం మీరూ పెట్టుకోండి. కానీ అతని కంఠస్థం పద్ధతిని మాత్రం పెద్ద డీల్స్‌లోకి తేకండి.

ఎందుకంటే, దాదాపు వందేళ్ల తర్వాత అమ్మకాల మీద పరిశోధన చేసిన నీల్ రాకమ్, ఆయన బృందం 12 ఏళ్లపాటు 35 వేల సేల్స్ సంభాషణల్ని దగ్గరుండి గమనించారు. చిన్న అమ్మకాల్లో పనిచేసే ఒత్తిడి ఎత్తులు పెద్ద అమ్మకాల్లో బెడిసికొడుతున్నాయని వాళ్లకు కనిపించింది. బాగా అమ్మేవాళ్లను వేరు చేసింది వాళ్ల మాటలు కాదు, వాళ్ల ప్రశ్నలు. ఆ ప్రశ్నల్లో నాలుగు రకాలున్నాయి: పరిస్థితి గురించి, సమస్య గురించి, ఆ సమస్య వల్ల ఇంకేం జరుగుతోందన్న దాని గురించి, అది తీరితే కలిగే మేలు గురించి. కొత్తవాళ్లు మొదటి రకం దగ్గరే తిరుగుతుంటారు. అనుభవం ఉన్నవాళ్లు మూడో రకంలో సమయం గడుపుతారు.

ఒక ప్యాకింగ్ మెషిన్ అమ్మే సంభాషణ ఊహించండి.

"మీ ప్యాకింగ్ లైన్ నెలకి ఎన్నిసార్లు ఆగుతుంది సార్?"

"రెండు మూడుసార్లు ఆగుతుంది. మామూలే."

కొత్త కుర్రాడు ఇక్కడే బ్రోషర్ తీసి "మా మెషిన్ ఆగదు సార్" అంటాడు. ఆయన తల ఊపి ధర అడుగుతాడు. కథ అక్కడితో బేరంలోకి దిగిపోతుంది. తెలిసినవాడు బ్రోషర్ బ్యాగులోనే ఉంచుతాడు.

"ఆగితే మళ్లీ నడవడానికి ఎంతసేపు పడుతుంది?"

"నాలుగైదు గంటలు."

"ఆ టైంలో వెనక లైన్ నుంచి వచ్చే సరుకు ఏం చేస్తారు?"

"పక్కన పేరుస్తాం. ఓవర్‌టైం ఇచ్చి రాత్రి షిఫ్ట్‌లో ప్యాక్ చేయిస్తాం."

"అలాంటప్పుడు డిస్పాచ్ లేటై పెనాల్టీ పడిన సందర్భాలున్నాయా?"

ఆయన ఒక్క క్షణం ఆగుతాడు. "పోయిన క్వార్టర్‌లో రెండుసార్లు పడింది."

"లైన్ ఆగకుండా నడిస్తే మీకు ముందుగా ఏ ఖర్చు తగ్గుతుంది?"

ఇందాక 'మామూలే' అన్న మనిషే ఇప్పుడు ఓవర్‌టైం, పెనాల్టీ లెక్క తన నోటితో చెబుతాడు. మనం చెబితే అది అమ్మేవాడి మాట. ఆయన చెబితే అది ఆయన అవసరం. రేపు వాళ్ల ఫైనాన్స్ వాళ్లను ఒప్పించాల్సి వచ్చినప్పుడు మీరు ఆ గదిలో ఉండరు. ఆయనే ఉంటాడు, ఇవే మాటలు వాడతాడు.

ఈ ప్రశ్నలు అప్పటికప్పుడు పుట్టవు. ప్రతి విజిట్‌కి ముందు మీ టీం మనిషి చేత మూడు వాక్యాలు రాయించండి: వాళ్ల దగ్గర ఏ సమస్య ఉండొచ్చని అనుకుంటున్నాం, అది ఇంకెవరికి ఇబ్బంది కలిగిస్తుంది, ఈ విజిట్ చివర వాళ్లు ఏం చేయడానికి ఒప్పుకోవాలి. ఈ మూడోది చాలా ముఖ్యం. 'మంచి మీటింగ్ సార్, వివరాలు పంపమన్నారు' అన్నది ముందుకు కదిలినట్టు కాదు. అది మర్యాదగా పంపించేయడం కూడా కావచ్చు. 'గురువారం వాళ్ల మెయింటెనెన్స్ హెడ్‌తో కలిపి మన డెమో చూస్తామన్నారు' అన్నది కదలిక. మీరు పని చేయడం కాదు, కస్టమర్ తన సమయమో మనుషులో డేటానో పెట్టడానికి ఒప్పుకోవడమే కదలికకు గుర్తు.

ఇక ధర. 'ఎక్కువగా ఉంది' అన్న మాట వినగానే డిస్కౌంట్ ఇచ్చే అలవాటు టీంలో ఉంటే ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపించండి. వందకు అమ్మితే 30 మిగిలే సరుకు మీద 10 శాతం తగ్గిస్తే 90కి అమ్మినట్టు, 20 మిగిలినట్టు. అదే లాభం నిలబడాలంటే సరుకు ఒకటిన్నర రెట్లు అమ్మాలి. పది శాతం తగ్గింపుకు యాభై శాతం అదనపు చాకిరీ. ఇది ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లు డిస్కౌంట్ అడగడానికి మీ దగ్గరికి వచ్చే ముందు కొంచెం ఆలోచిస్తారు. తగ్గించక తప్పనప్పుడు ఊరికే తగ్గించకండి. బదులుగా ఏదో ఒకటి తీసుకోండి: ముందస్తు చెల్లింపు, పెద్ద ఆర్డర్, రెండేళ్ల ఒప్పందం, ఇంకో యూనిట్‌కి పరిచయం. అడగగానే తగ్గిపోయే ధరను చూసి కస్టమర్ సంతోషించడు, ఇంకా ఎంత తగ్గేదో అని అనుమానపడతాడు.

లీడ్ వస్తే గంట దాటనివ్వకండి

లీడ్ అంటే కొనే ఆసక్తితో మనల్ని అడిగినవాళ్ల విచారణ. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని 2,241 కంపెనీలకు వెబ్‌సైట్ ద్వారా విచారణలు పంపి ఎంతసేపట్లో జవాబిస్తాయో చూశారు. గంటలోపు స్పందించినవి 37 శాతం. అసలు స్పందించనివి 23 శాతం. గంటలోపు ఫోన్ చేసినవాళ్లకు, ఆ తర్వాతి గంటలో చేసినవాళ్ల కంటే నిర్ణయం చేసే మనిషితో సరిగా మాట్లాడే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువని కూడా తేలింది. ప్రకటనలకు డబ్బు పోసి, వచ్చిన విచారణను ఎవరి మెయిల్‌లోనో ఎండబెట్టడం కంటే వృథా ఇంకోటి లేదు. లీడ్ ఎవరికి వెళుతుంది, ఆ మనిషి విజిట్‌లో ఉంటే రెండో పేరు ఎవరిది, గంట దాటితే ఎవరికి మెసేజ్ పోతుంది అన్న మూడూ ఈ వారమే తేల్చేయండి.

వారం రివ్యూని విచారణ చేయకండి

సోమవారం రివ్యూ అనగానే ఆదివారం రాత్రి ఎవరికీ నిద్ర పట్టని టీంలు చూశాను. అలాంటి చోట సీఆర్‌ఎంలో, అంటే కస్టమర్ల, డీల్స్ వివరాలు నమోదుచేసే సాఫ్ట్‌వేర్‌లో, అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. నిజం చెబితే తిట్లు పడతాయని తెలిసినవాళ్లు నిజం చెప్పరు. మీకు అందే ఫోర్‌కాస్ట్, అంటే రాబోయే అమ్మకాల అంచనా, అంతా మిమ్మల్ని సంతోషపెట్టడానికి రాసిందే అవుతుంది.

దీనికి మొదటి మందు, పైప్‌లైన్ దశలకు కస్టమర్ చేసిన పనితో పేరు పెట్టడం. 'ప్రపోజల్ పంపాం' అన్నది మనం చేసిన పని, దాన్ని దశగా లెక్కించకండి. 'బడ్జెట్ ఎవరి చేతిలో ఉందో చెప్పారు', 'సాంకేతిక పరీక్ష పూర్తిచేశారు', 'ఒప్పందం ముసాయిదాపై వాళ్ల లీగల్ వాళ్లు మార్పులు పంపారు', ఇవి దశలు. ఇలా పెడితే 'ఈ డీల్ ఎక్కడుంది' అన్న ప్రశ్నకు అభిప్రాయం కాదు, సాక్ష్యం జవాబుగా వస్తుంది.

రెండోది, అన్ని డీల్స్‌నీ పైపైన తడమకుండా మనిషికి రెండే తీసుకుని లోతుగా చూడడం. నేను అడిగేవి ఇవే: వాళ్లు ఏమీ కొనకుండా ఊరుకుంటే వాళ్లకు వచ్చే నష్టం ఏమిటి? సంతకం పెట్టే మనిషిని మనం కలిశామా? మనకు వ్యతిరేకంగా మాట్లాడేది ఎవరు? తర్వాతి తేదీ వాళ్ల క్యాలెండర్‌లో ఉందా, మన క్యాలెండర్‌లోనేనా? మొదటి ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఆ డీల్‌ను ఫోర్‌కాస్ట్ నుంచి తీసేయండి. పోటీ కంపెనీ చేతిలో ఓడిన డీల్స్ కంటే, కస్టమర్ ఏ నిర్ణయమూ తీసుకోకుండా వదిలేసిన డీల్సే మా పైప్‌లైన్‌లో ఎప్పుడూ ఎక్కువగా ఉండేవి.

ఎవరైనా 'ఈ డీల్ చచ్చిపోయింది సార్, తీసేస్తున్నా' అని తనంతట తానే చెబితే, అందరి ముందూ మెచ్చుకోండి. ఆ ఒక్క మెచ్చుకోలుతో తర్వాతి వారం రివ్యూలో మీకు వినబడే నిజాలు పెరుగుతాయి.

వెంట వెళ్లండి, కానీ మాట్లాడకండి

వారానికి కనీసం ఒకరోజు ఒకరితో ఫీల్డ్‌కి వెళ్లండి. వెళ్లే ముందే ఇద్దరూ అనుకోండి: ఈ విజిట్ నడిపేది అతనే. కస్టమర్ మీ హోదా చూసి మీవైపు తిరిగి ప్రశ్న అడిగితే, మీ పక్కనున్న మనిషివైపు చూడండి. అతను తడబడతాడు. తడబడనివ్వండి. ఆ నిశ్శబ్దం భరించడమే మీ కొత్త ఉద్యోగంలో అతి కష్టమైన పని. డీల్ చేజారిపోతుందనిపించినా, అది సంస్థను ముంచేంత పెద్దది కాకపోతే, జోక్యం చేసుకోకండి.

బయటికి వచ్చాక మీరు చెప్పకండి, ముందు అతన్ని అడగండి: ఏం బాగా జరిగింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు? తర్వాత మీరు ఒక్కటంటే ఒక్క విషయం చెప్పండి. 'పెనాల్టీ గురించి ఆయన చెప్పినప్పుడు ఇంకో ప్రశ్న అడగాల్సింది, నువ్వు వెంటనే మెషిన్ గురించి మొదలుపెట్టావు' అని. అయిదు చెబితే ఒక్కటీ గుర్తుండదు. తర్వాతి విజిట్‌లో ఆ ఒక్కటే చూడండి.

ట్రైనింగ్ కూడా ఇంతే. మనిషి నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లోనే వేగంగా మరిచిపోతాడని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మళ్లీ మళ్లీ తిరగేస్తేనే నిలుస్తుంది. ఏడాదికోసారి మూడు రోజుల క్యాంపు పెట్టే బదులు, వారానికి ఇరవై నిమిషాలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకే సన్నివేశాన్ని ఆడించండి. ఈ వారం 'ధర ఎక్కువ', వచ్చే వారం 'ఇప్పుడున్న సప్లయర్‌తో బాగానే ఉంది'. కస్టమర్ పాత్ర మీరే వేయండి, తేలిగ్గా ఒప్పుకోకండి.

టార్గెట్, కమిషన్: ఇక్కడ తప్పు చేస్తే మిగతాదంతా కొట్టుకుపోతుంది

మీరు దేనికి డబ్బిస్తే మీ టీం అదే చేస్తుంది. వ్యూహం కాగితం మీద ఏముందన్నది వాళ్లు చదవరు, కమిషన్ షీట్ చదువుతారు. 'మంచి మార్జిన్ ఉన్న కస్టమర్లే మనకు ముఖ్యం' అని గోడ మీద రాసి, కమిషన్ మాత్రం మొత్తం అమ్మకం మీద ఇస్తే డిస్కౌంట్లు ఆగవు. మార్జిన్ మీద ఇవ్వండి, లేదా డబ్బు చేతికొచ్చాక ఇవ్వండి.

గీత దాటితేనే బోనస్ అన్న పద్ధతి గురించి జాగ్రత్త. 1998లో ఆర్థికవేత్త పాల్ ఆయర్ కంపెనీల అమ్మకాల లెక్కలు పరిశీలించి, ఆర్థిక సంవత్సరం చివర్లో అమ్మకాలు పెరిగి, కొత్త సంవత్సరం మొదట్లో తగ్గుతున్నట్టు చూపించాడు. కస్టమర్ల అవసరం ఆ తేదీల ప్రకారం మారలేదు, సేల్స్ మనుషుల లెక్క మారింది. గీత దాటడానికి దగ్గరలో ఉన్నవాడు రేపటి ఆర్డర్‌ను డిస్కౌంట్ ఇచ్చి ఈరోజుకు లాగుతాడు. ఎలాగూ దాటలేనివాడు ఈరోజు ఆర్డర్‌ను వచ్చే క్వార్టర్‌కి దాచుకుంటాడు. ఇద్దరూ తెలివిగానే ఉన్నారు, తప్పు గీతది. గీత బదులు అమ్మిన ప్రతి దానిమీదా కొంత వచ్చేలా, పెరిగేకొద్దీ రేటు మెల్లగా పెరిగేలా పెట్టండి.

అతి చేస్తే ఎక్కడిదాకా వెళుతుందో చెప్పడానికి అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంక్ చాలు. ప్రతి కస్టమర్‌కీ ఎనిమిది రకాల సేవలు అంటగట్టాలన్న లక్ష్యం, దానికోసం రోజువారీ కోటాలు. ఆ ఒత్తిడికి ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబర్‌లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అయిదేళ్లలో సుమారు 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేసినట్టు బయటపడింది. అన్ని వేలమంది ఒకే తప్పు చేశారంటే అది మనుషుల స్వభావం కాదు, పైనుంచి వచ్చిన కోటా. మీ టార్గెట్ షీట్ ఖరారు చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ అంకెను నిజాయితీ లేకుండా చేరుకోవాలంటే సులువైన దారి ఏది? ఆ దారి మీకు కనిపిస్తే మీ టీంకి అంతకంటే ముందే కనిపిస్తుంది. దాన్ని మూసేశాకే షీట్ పంచండి. నా అనుభవంలో దీనికి పనిచేసిన కట్టుబాటు ఒకటుంది: ఆర్నెల్లలోపు కస్టమర్ రద్దు చేసుకుంటే కమిషన్‌లో కొంత వెనక్కి పోతుంది. మొదట్లో గొణిగారు. కొన్నాళ్లకు, తప్పుడు కస్టమర్ని వాళ్లే ముందుగా వద్దనడం మొదలుపెట్టారు.

ఓడిన డీల్స్‌కి ఫోన్ చేయండి

గెలిచిన ఆర్డర్ గురించి అందరూ మాట్లాడతారు. ఓడినది సీఆర్‌ఎంలో 'ధర వల్ల' అన్న రెండు మాటలతో మూసుకుపోతుంది. ఆ రెండు మాటల్ని నమ్మకండి. అమ్మలేకపోయిన మనిషికి అది పరువు నిలిపే కారణం, కొనని మనిషికి అది మర్యాదైన జవాబు.

ప్రతి నెలా మూడు ఓడిన డీల్స్ ఎంచుకుని, ఆ డీల్ చూసిన మనిషి కాకుండా మీరే ఫోన్ చేయండి. మళ్లీ అమ్మడానికి కాదని మొదటి వాక్యంలోనే చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. 'ఎందుకు మమ్మల్ని వద్దనుకున్నారు' అని అడిగితే సంజాయిషీ వస్తుంది. 'మీరు ఈ ఆలోచన మొదలుపెట్టిన రోజు నుంచి ఏం జరిగిందో చెప్తారా' అని అడగండి. వింటూ రాసుకోండి. ఎక్కడో మధ్యలో, ఎవరి పేరో మొదటిసారి వినబడుతుంది, మన టీం ఒక్కసారి కూడా కలవని మనిషి పేరు. అక్కడ పెన్ను ఆపి ఇంకో ప్రశ్న అడగండి: "ఆయన మొదట మీ చర్చలోకి ఎప్పుడొచ్చారండీ?"